పసిపిల్లల మూత్రంలో వీఎంఏ, హెచ్‌వీఏ: అందరికీ స్క్రీనింగ్‌గా ఎందుకు పెట్టరు?

స్పాట్‌శాంపిల్ (ప్రశ్న)

న్యూరోబ్లాస్టోమా అనే పసిపిల్లల క్యాన్సర్ మూత్రపిండం మీదుండే అడ్రినల్ గ్రంథిలోనో, వెన్ను పక్కనున్న సింపథెటిక్ నాడుల్లోనో పుడుతుంది. ఎక్కువ కణితులు కాటెకొలమైన్లను (అడ్రినలిన్, డోపమైన్ లాంటి రసాయనాలను) తయారు చేస్తాయి, అవి విచ్ఛిన్నమై వీఎంఏ, హెచ్‌వీఏలుగా మూత్రంలో దిగుతాయి. సూదితో పనిలేదు. డయపర్‌లో పెట్టిన ఫిల్టర్ పేపర్ ఆరబెట్టి పోస్టులో పంపినా సరిపోతుంది. ఏడాదిలోపు దొరికిన పిల్లల్లో ఎక్కువమంది బతుకుతారు, ఆ వయసు దాటి ఒళ్లంతా పాకాక దొరికితే చాలా కష్టం. మరి ఆరో నెలలో అందరికీ చేస్తే వచ్చే నష్టమేంటి? లక్షణాలున్న బిడ్డకే చేయాలంటే శాంపిల్ ఎలా తీయాలి, రిపోర్టులో ఏం చూడాలి?

కణితి_కబుర్లు

నష్టమేంటో జపాన్ చేసి చూసింది. 1970లలో క్యోటోలో మొదలుపెట్టి, 1980ల మధ్యకల్లా దేశమంతటా ఆరునెలల పిల్లలకు చేశారు. 2004లో ఆపేశారు. స్క్రీనింగ్ ఉన్నన్నాళ్లూ పసిపిల్లల్లో కేసులు పెరిగాయి కానీ, ఏడాది దాటిన పిల్లల్లో ముదిరిన కేసులు ఆ మేరకు తగ్గలేదు. ముందే పట్టుకున్నవి తర్వాత ముదిరే కణితులే అయితే అక్కడ లెక్క తగ్గి తీరాలి.

కెనడాలోని క్యూబెక్‌లో 1989 నుంచి 1994 దాకా పుట్టిన పిల్లలకు మూడు వారాలప్పుడు, ఆరు నెలలప్పుడు చేశారు. జర్మనీలో 1995 నుంచి 2000 వరకు, ఏడాది వయసులో, సుమారు 14.7 లక్షల మందికి చేశారు. రెండింటి ఫలితాలూ 2002లోనే వచ్చాయి, రెండూ ఒకటే చెప్పాయి: మరణాలు తగ్గలేదు. జర్మనీలో స్క్రీనింగ్ 149 మందిని పట్టుకుంటే వారిలో చనిపోయింది 3. పరీక్ష మామూలుగా ఉందన్నాక జబ్బు బయటపడినవాళ్లు 55 మంది, వారిలో చనిపోయింది 14. అంటే వల మంచిదే, పడే చేపలు వేరు.

పసివయసులో దొరికేవాటిలో చాలా కణితులు వాటంతట అవే కరిగిపోతాయి, లేదా పరిణతి చెంది నిరపాయంగా మిగిలిపోతాయి. ఎంవైసీఎన్ జన్యువు ప్రతులు పెరిగిన దూకుడు రకం వేరే దారి పడుతుంది. అది ఎక్కువగా తర్వాత మొలుస్తుంది, త్వరగా పెరుగుతుంది, ఆరో నెల పరీక్షకు చిక్కదు. కాబట్టి “స్క్రీనింగ్‌లో దొరికినవాళ్లలో ఇంతమంది బతికారు” అనే శాతాన్ని చూసి మోసపోకండి. ఎలాగూ కరిగిపోయే కణితులు కూడా ఆ లెక్కలో చేరి శాతాన్ని పెంచేస్తాయి. వాటిని తీయడానికి చేసిన ఆపరేషన్లు, ఇచ్చిన కీమో మాత్రం నిజమైనవే.

గాజుగొట్టం

ల్యాబ్ వైపు సంగతి చెబుతాను. 24 గంటల సేకరణ పసిపిల్లలకు అక్కర్లేదు, ఒక్కసారి పోసిన మూత్రం చాలు. అంటించే యూరిన్ బ్యాగ్ వాడండి. మలం కలిస్తే ఆ శాంపిల్ పారేసి కొత్తది తీయడమే. వెంటనే చల్లబరిచి, వెలుతురు తగలకుండా ల్యాబ్‌కు చేర్చాలి. ఆమ్లం కలపాలని అడిగే ల్యాబ్‌లున్నాయి, అది శాంపిల్ సీసాలోకి తీశాక అక్కడివాళ్లే కలుపుకోవాలి. బిడ్డ ఒంటికి అంటిన బ్యాగ్‌లో ఎప్పుడూ పోయకూడదు.

రిపోర్టు క్రియాటినిన్‌తో (మూత్రం ఎంత చిక్కగా ఉందో చెప్పే పదార్థం) భాగించిన నిష్పత్తిగా వస్తుంది, తప్పులన్నీ అక్కడే. పసిపిల్లల మూత్రం పల్చన. క్రియాటినిన్ మరీ తక్కువైతే దాని కొలతలో చిన్న తేడా వచ్చినా నిష్పత్తి ఎగిరి కూర్చుంటుంది. మళ్లీ తీయించాలి. రెండోది, వయసు. పసివాళ్లలో మామూలు నిష్పత్తే పెద్దల కంటే చాలా ఎక్కువ, పెద్దల పరిధితో పోలిస్తే ప్రతి బిడ్డా “హై”. మూడోది, యూనిట్లు. గ్రాముకు మిల్లీగ్రాములుగా ఉన్న వీఎంఏను మోల్‌కు మిల్లీమోల్స్‌గా మార్చాలంటే 0.57తో, హెచ్‌వీఏకైతే 0.62తో గుణించాలి. ఒక యూనిట్లో వచ్చిన విలువను ఇంకో యూనిట్ పరిధితో పోల్చేయడం తరచూ జరిగే పొరపాటు.

అరటిపండు, వెనిల్లా మానాలా అంటే, అది పాత రంగు పరీక్షల కాలం జాగ్రత్త. ఒక్కో పదార్థాన్ని విడదీసి కొలిచే హెచ్‌పీఎల్‌సీ, మాస్ స్పెక్ట్రోమెట్రీ వచ్చాక తిండి బెంగ బాగా తగ్గింది. మందుల జాబితా మాత్రం తప్పక రాయండి. డోపమైన్ డ్రిప్, లెవోడోపా ఉంటే హెచ్‌వీఏ పెరుగుతుంది.

కణితి_కబుర్లు

ఒకటి కలుపుతాను. సుమారు పదింట ఒక కణితి వీఎంఏ, హెచ్‌వీఏలను పెంచదు. కళ్లు అదుపులేకుండా గెంతుతూ ఒళ్లు జెర్కులిచ్చే ఆప్సోక్లోనస్ పిల్లల్లో ఇలా జరగడం మరీ ఎక్కువ. అక్కడ మూత్రం బాగుందని ఊరుకోకూడదు, స్కాన్ చేయాల్సిందే. పొట్టలో గడ్డ, కళ్ల చుట్టూ కారణం లేని కమిలిన మచ్చలు, కుంటడం, తగ్గని నీళ్ల విరేచనాలు ఉంటే మూత్రపరీక్ష అడగాలి. 3-మెథాక్సీటైరమిన్ (డోపమైన్ నుంచి వచ్చే ఇంకో పదార్థం) కూడా చేసే ల్యాబ్ అయితే ఇంకొన్ని దొరుకుతాయి.

పాతలెక్క

జపాన్ నుంచే 2008లో వెనక్కి చూసి చేసిన పెద్ద అధ్యయనం వచ్చింది, స్క్రీనింగ్ కాలంలో మరణాలు తగ్గాయని. దాన్నీ చెప్పాలి కదా?

కణితి_కబుర్లు

చెప్పాలి. కానీ అది వేర్వేరు కాలాల పిల్లలను పోల్చింది, ఆ కాలంలోనే చికిత్స కూడా మెరుగైంది. ఒకే కాలంలో, స్క్రీనింగ్ లేని ప్రాంతాలతో పోల్చిన క్యూబెక్, జర్మనీలకే నేను ఎక్కువ విలువిస్తాను.

స్పాట్‌శాంపిల్

లక్షణాలేమీ లేని బిడ్డకు ఇంకెందుకో చేసిన పరీక్షలో పెరిగి కనిపిస్తే?

గాజుగొట్టం

కొత్త శాంపిల్‌తో మళ్లీ చేయించండి. మళ్లీ అలాగే వస్తే పొట్ట అల్ట్రాసౌండ్, పిల్లల క్యాన్సర్ నిపుణుడు. గడ్డ కనిపించగానే కత్తి పట్టనక్కర్లేదు. ఆరు నెలల లోపు పిల్లల్లో చిన్న అడ్రినల్ గడ్డలను ఆపరేషన్ లేకుండా గమనించిన అధ్యయనంలో, అలా చూసిన ప్రతి ఐదుగురిలో నలుగురికి ఆపరేషన్ అవసరమే పడలేదు. అక్కడ అల్ట్రాసౌండ్‌తో పాటు పదేపదే చూసింది ఈ వీఎంఏ, హెచ్‌వీఏలనే. అందుకే ప్రతిసారీ ఒకే ల్యాబ్‌లో, ఒకే పద్ధతిలో చేయించండి, లేకపోతే తగ్గిందో పెరిగిందో తేలదు.