'వీగిపోయింది' అన్నారా, 'వీగనిచ్చినారు' అన్నారా?

నిన్న సాయంత్రం తిరుపతి లీలామహల్ సర్కిల్ దగ్గర టీ తాగుతుంటే పక్క బెంచీలో పాత గొడవ మొదలైంది. 2013 మార్చిలో అసెంబ్లీలో పెట్టిన అవిశ్వాసం గురించి. అప్పటి ముఖ్యమంత్రి కిరణ్ కుమార్ రెడ్డిది పీలేరు, ప్రతిపక్ష నాయకుడు చంద్రబాబుది కుప్పం. ఇద్దరూ అప్పటి చిత్తూరు జిల్లా వాళ్ళే కాబట్టి ఇక్కడ ఆ మంట ఇంకా ఆరలేదు. తీర్మానానికి అనుకూలం 58, వ్యతిరేకం 142. టీడీపీ తటస్థం.

"తీర్మానం వీగిపోయింది కదా" అన్నాడొకాయన. రెండో ఆయన గ్లాసు ఠక్కున కిందపెట్టి, "వీగిపోలేదు సామీ, వీగనిచ్చినారు!" అన్నాడు.

నా అనుమానం: ఈ 'వీగు', 'విర్రవీగు'లోని 'వీగు' ఒకటేనా? ఓటమికీ పొగరుకూ ఒకే మాటా?

చిత్తూరు నుంచి: నిఘంటువుల్లో రెండు అర్థాలూ ఉన్నాయన్నా. మా ఇంట్లో అరవం కూడా నడుస్తుంది. కాలు వాస్తే మా అవ్వ 'వీంగిపోయింది' అనేది. తమిళంలో వీంగడమంటే ఉబ్బడం. విర్రవీగేవాడూ ఉబ్బినవాడే కదా! ఓటమి అర్థాన్ని మాత్రం తొందరపడి దీనికి చుట్టం చేయొద్దు.

పుంగనూరు నుంచి: నాకు వ్యుత్పత్తి కంటే వ్యాకరణమే ముచ్చటగా ఉంది. 'ఓడించారు' అంటే ఓడించినవాడు కనబడతాడు. 'వీగిపోయింది' అంటే వానకు మట్టిగోడ కూలినట్టు, ఎవరి చెయ్యీ ఉండదు. పేపర్లకు అది చాలు. పార్టీలకు చాలదు, వేలు చూపించడానికి మనిషి కావాలి. అందుకే గెలిచినవాళ్ళు 'నెగ్గాం' అంటారు, తటస్థంగా కూర్చున్నవాళ్ళను పట్టుకుని మిగతావాళ్ళు 'గట్టెక్కించారు' అంటారు. వైసీపీ వాళ్ళు టీడీపీని అప్పట్లో తిట్టింది ఆ లెక్కనే. మీ టీకొట్టు ఆయన 'వీగనిచ్చినారు' అని ఒక్క మాటలో ఆ పని చేసేశాడు. 2011 డిసెంబరులో టీడీపీయే పెట్టిన అవిశ్వాసం 122–160తో వీగింది. అప్పుడు వాళ్ళు ఓటేసి ఓడారు, రెండోసారి ఓటే వేయలేదు. తేడా అంతా అక్కడుంది.

శ్రీకాళహస్తి నుంచి: 1999 ఏప్రిల్ 17 మర్చిపోయారా? వాజపేయి విశ్వాస తీర్మానం 269–270, ఒక్క ఓటుతో వీగింది, సర్కారు కూలింది. అవిశ్వాసం వీగితే సర్కారు నిలబడుతుంది, విశ్వాసం వీగితే పడిపోతుంది. ఇది మావాడికి చెప్పేసరికి నాకు తలనొప్పి వచ్చింది. అన్నట్టు, 'మూజువాణి ఓటు'లో ఉన్నది సంస్కృత 'వాణి' కాదు. అది 'ముహ్ జబానీ', అంటే నోటిమాట.

నేనే: బాగుంది. 'పో' లేకుండా ఒట్టి 'వీగింది' మీ ఊళ్ళో ఎవరైనా అంటారా?

పలమనేరు నుంచి: పేపర్లో చదవడమే, నోట వినలేదు. విర్రవీగడం మాత్రం రోజూ వింటాం.