ముహుర్ముహుర్లుఠ తర్వాత అభంగమా, భంగమా?

పద్యప్రియ: నైరూప్య చిత్రాలు (ఏ వస్తువునీ పోల్చేలా గీయని బొమ్మలు) చూస్తుంటే పెద్దన మనుచరిత్రలో ప్రవరుడు హిమాలయాన్ని చూసే పద్యం నోట్లోకి వచ్చి వదలడం లేదు. "అటజని కాంచె భూమిసురుఁ డంబరచుంబి శిరస్సరజ్ఝరీ" సరే, "పటల ముహుర్ముహుర్లుఠ... తరంగ మృదంగ నిస్వన / స్ఫుట నటనానుకూల పరిఫుల్ల కలాప కలాపిజాలమున్" అనేచోట, రెండో పాదంలో ఆగిపోతున్నాను. లుఠదభంగ తరంగమా, లుఠద్భంగ తరంగమా? అల విరగకుండా చప్పుడెలా వస్తుంది, అందుకని భంగమే అనిపిస్తోంది. అసలు విషయం ఇంకోటి. ఈ పద్యం వింటే ముందు కొండ కనబడదు, చప్పుడే తగులుతుంది. నైరూప్య చిత్రం చేసే పనీ ఇదే కదా?

గణయతి: అభంగమే. చంపకమాలలో "హుర్లుఠ" భగణం, "దభంగ" జగణం. లుఠద్భంగ అంటే ఠ గురువైపోతుంది. పైగా యతి పదకొండో అక్షరం భం మీద, పాదం మొదటి ప-తో. ఒక అక్షరం తగ్గితే అదీ పోతుంది.

పద్యప్రియ: పాఠం తేలింది, అర్థం తేలలేదు. మాటిమాటికీ పొర్లే అల అభంగమెలా అవుతుంది?

కుంచె: తెంపు లేనిదని తీసుకోండి. ఒక్కో అల విరుగుతుంది, వరస విరగదు. అమెరికన్ నైరూప్య చిత్రకారుడు పొలాక్ 1950లో వేసిన పెద్ద కాన్వాసులు చూడండి, నేలమీద పరిచి రంగు ధారగా పోస్తూ చుట్టూ తిరిగాడు, ఆ గీత ఏ వస్తువుకీ హద్దుగా నిలవదు. పెద్దన సమాసమూ అంతే, అంబరచుంబి దగ్గర మొదలైతే కలాపిజాలమున్ దాకా ఆగే చోటే లేదు.

గణయతి: పొలాక్ గీతకి నిఘంటువు లేదండీ. ఇక్కడ ప్రతి ముక్కకీ అర్థం ఉంది. శిఖరాల మీంచి జారే సెలయేళ్లు, అలల మద్దెల మోత, దానికి పురివిప్పి ఆడే నెమళ్లు. ధ్వని ఒక్కటే చాలనుకుంటే పెద్దన నెమలిదాకా ఎందుకు వెళ్తాడు?

కుంచె: మరో అమెరికన్ నైరూప్య చిత్రకారుడు మదర్‌వెల్ సంగతి చూడండి. ఎద్దుల పోరులో చనిపోయిన మిత్రుడి మీద స్పానిష్ కవి లోర్కా రాసిన విలాపగీతంలో "సాయంత్రం ఐదింటికి" అని పదే పదే వస్తుంది. ఆ మాటనే ఒక చిత్రానికి పేరు పెట్టాడు, అందులో ఎద్దూ లేదు, మనిషీ లేడు, నల్లటి నిలువు పట్టెలు, నడుమ అండాకారాలు. అవే ఆకారాల్ని ఆ తర్వాత వందకు పైగా చిత్రాల్లో తిప్పితిప్పి వేశాడు. కవిత్వం నుంచి ఆయన తీసుకున్నది కథ కాదు, ముహుర్ముహుః, ఆ మాటిమాటికీ.

శీతశైలం: ఎటెల్ అద్నాన్ పేరు ఎవరూ ఎత్తలేదేం? ఆవిడ కవయిత్రి, చిత్రకారిణి కూడా. కాలిఫోర్నియాలో తమల్‌పాయిస్ అనే ఒకే కొండని ఏళ్ల తరబడి వేశారు, చదునైన రంగు పలకలుగా. పెద్దన కూడా కొండ పేరు చివరిదాకా చెప్పడు. నాలుగు పాదాలు మోగించి, అప్పుడు "శీతశైలమున్" (మంచుకొండని) అంటాడు. నాకు నైరూప్యం అక్కడే కనబడుతుంది, పేరు రాకముందే కొండ మనలోకి వచ్చేస్తుంది.

గణయతి: అది విశేష్యం, సమాసాలన్నీ దానికోసమే ఎదురుచూస్తున్నాయి. నైరూప్యం అనకండి. సరే, "స్ఫుట" (స్పష్టమైన) అన్న మాట నిస్వనానికా, అంటే మోతకా, లేక నటనకా? నేను నటనకే అంటాను.

పద్యప్రియ: నిస్వనానికే. రెండో పాదం నిస్వన దగ్గర ఆగుతుంది, మూడోది స్ఫుటతో మొదలవుతుంది. ఆ దెబ్బ మద్దెలదే, నెమలిది కాదు.