12×15 గదిలో పూల్ టేబుల్: 6 అడుగులదా, 7 అడుగులదా?

కొర్లగుంట_క్యూ
తిరుపతిలో మేడమీద గది, 12×15 అడుగులు. పార్లర్‌లో ఆడేది 9 అడుగుల టేబుల్. ఇంట్లో రోజూ ప్రాక్టీసుకి 7 అడుగులది పడుతుందా, 6 అడుగులదే గతా? క్యూ (బాల్ కొట్టే కర్ర) 57 అంగుళాలు. చిన్న టేబుల్ మీద ఆడితే పెద్ద టేబుల్ ఆట చెడుతుందంటారు, నిజమేనా?

చాక్_పొడి
టేబుల్ పేరు చూసి లెక్కెయ్యొద్దన్నా. కుషన్ (టేబుల్ చుట్టూ ఉండే రబ్బరు గట్టు) లోపలి అంచు నుంచి ఎదుటి అంచుకు కొలువు. రెండు పక్కలా క్యూ పొడవు, వెనక్కి లాగేందుకు ఇంకో 6 అంగుళాలు కలుపు. 6 అడుగులది సుమారు 66×33 అంగుళాలు. 48 అంగుళాల పొట్టి క్యూతో 14½×11¾ అడుగులు కావాలి. బీరువా బయట పెడితే నీ గదిలో పడుతుంది. 7 అడుగులదైతే (78×39) అదే క్యూకి 15½×12¼, అంటే గోడకు గీతలే. నీ 57 క్యూ, బాల్ కుషన్‌కి 8 అంగుళాలైనా లోపలుంటేనే ఆడుతుంది.

టైల్స్ నేల తలుపు వైపు వాలి ఉంటుంది, కాళ్ల స్క్రూలతో సరిచెయ్యి. మట్టం పెట్టాక బాల్‌ని చాలా మెల్లగా అటూ ఇటూ దొర్లించి చూడు. రెండుసార్లూ ఒకే గోడ వైపు జారితే వాలు. మధ్యలో మాత్రమే వంకర పోతే పలక కుంగింది, దానికి స్క్రూ మందు కాదు. ఎమ్‌డీఎఫ్ (చెక్కపొడి నొక్కి చేసిన) పలక అక్టోబరు–డిసెంబరు వానల్లో కిటికీ పక్కనుంటే అతుకుల దగ్గర ఉబ్బుతుంది. బట్ట మీద తడిగుడ్డ పెట్టొద్దు.

చిత్తూరు_స్టాప్‌షాట్
ఆట చెడదు, కానీ అన్నీ పనికిరావు. స్ట్రోక్, స్టాప్ షాట్, డ్రా (ఇంకో బాల్‌కి తగిలాక, మనం క్యూతో కొట్టే వైట్ బాల్ వెనక్కి రావడం), ఫాలో (ముందుకు పోవడం) ఇక్కడే నేర్చుకోవచ్చు. స్పీడ్ అంచనా మాత్రం పెద్ద టేబుల్ మీదే రావాలి. గురి 1 డిగ్రీ తప్పితే 66 అంగుళాల దూరానికి బాల్ 1.15 అంగుళాలు పక్కకెళ్తుంది, పెద్ద టేబుల్ మీద 100 అంగుళాలకి 1.75. చిన్న టేబుల్ నీ తప్పును దాచేస్తుంది. అందుకే పాకెట్ మూతి పక్కలకు తగలకుండా పడ్డదే లెక్కలోకి తీసుకో. ఫైలు కాగితాలకు అంటించే రింగు స్టిక్కర్లు రెండు బట్ట మీద అంటించు, ప్రతి షాటూ అదే చోట నుంచి మొదలవుతుంది. స్టాప్ షాట్‌లో వైట్ బాల్ ఇంకో బాల్‌కి తగిలి అక్కడే నిలబడాలి. పక్కకు దొర్లిందంటే నిండుగా తగల్లేదని; నిలబడి గిర్రున తిరిగితే మధ్య గీత తప్పి కొట్టావని.

కొర్లగుంట_క్యూ
నా దగ్గర 57 ఎమ్ఎమ్ బాల్స్ సెట్ ఉంది స్వామీ, వాటినే వాడనా?

చాక్_పొడి
కుషన్ ముక్కు ఎత్తు చూసుకో. బాల్ ఎత్తులో దాదాపు 63 శాతం ఉండాలి: 57కి సుమారు 36 ఎమ్ఎమ్, 2 అంగుళాల బాల్‌కి 32. తక్కువ ముక్కు మీదికి పెద్ద బాల్ గట్టిగా పోతే ఎగిరి కింద పడుతుంది. ఇంకోటి, కొన్ని చిన్న సెట్లలో వైట్ బాల్ 1⅞ అంగుళాలే, మిగతావి 2. అది దాదాపు 18 శాతం తేలిక, స్టాప్ కొడితే వెనక్కొస్తుంది. అలాంటి సెట్ వద్దు, వైట్ కూడా అదే సైజున్నది అడిగి తీసుకో.