34 ఫోటోలు కలిపిన మందారం ఫోటో అవుతుందా, అతుకుల బొంత అవుతుందా?

పెరటిమందారం:
ఆదివారం పొద్దున పెరట్లో పూసిన ఎర్ర మందారాన్ని కోసి, వంటింటి కిటికీ దగ్గర సీసాలో నిలబెట్టి, ఫ్యాను ఆపేసి 34 ఫోటోలు తీశాను. ప్రతి ఫోటోకూ ఫోకస్‌ను వెంట్రుకవాసి వెనక్కి జరుపుకుంటూ పోయాను. ఒక్కో ఫోటోలో తేటగా వచ్చిన పొరను మాత్రం తీసుకుని కంప్యూటర్లో అన్నీ కలిపితే (దీన్నే ఫోకస్ స్టాకింగ్ అంటారు), ముందుకు పొడుచుకొచ్చిన ఐదు కీలాగ్రాల (కొసన ఉండే ఎర్ర గుండ్రాల) నుంచి వెనక రేకుల ఈనెల దాకా అంతా తేటగా వచ్చింది. సంబరంగా మా బాబాయికి చూపించాను. ఆయన ఫిలిం రోజుల నుంచి కెమెరా పట్టిన మనిషి. "బాగుందమ్మా, కానీ దీన్ని ఫోటో అనరు, అతుకుల బొంత అంటారు" అన్నారు. అప్పటి నుంచి మనసులో ముల్లు. మీరేమంటారు?

ఒకేక్లిక్కు:
మీ బాబాయిగారి మాటే నా మాట. ఫోటో అంటే ఒక క్షణం. 34 తీయడానికి రెండు మూడు నిమిషాలైనా పట్టి ఉంటుంది కదా? అందులో ఏ క్షణంలోనూ ఆ పువ్వు అలా ఎవరికీ కనపడలేదు. ఎపర్చర్‌ను (లెన్స్ లోపల వెలుతురు దూరే రంధ్రాన్ని) ఎఫ్/22కి బిగించి ఒక్కటి తీయండి, అంకె పెరిగేకొద్దీ రంధ్రం సన్నబడి తేటగా వచ్చే లోతు పెరుగుతుంది. ఆ లోతు చాలకపోతే పోనివ్వండి, మసకలోకి జారిపోయే రేకుకూ ఒక అందం ఉంటుంది. అంతా తేటగా ఉంటే చూసేవాడి కన్ను ఎక్కడ ఆగాలి?

గాజుకన్ను:
ఎఫ్/22 సలహా వినడానికి బాగుంది, లెక్క దగ్గరే తేడా కొడుతుంది. 1:1లో తీసేటప్పుడు, అంటే సెన్సర్ మీద (కెమెరాలో వెలుతురు పట్టే పలక మీద) పువ్వు అసలు పరిమాణంలోనే పడేటప్పుడు, లెన్స్ మీద 22 అని ఉన్నా అది పనిచేసేది ఎఫ్/44గా. అంత సన్నని రంధ్రం గుండా వచ్చిన వెలుతురు చుక్క, ఇంటర్ ఫిజిక్సులో చదువుకున్న వివర్తనం వల్ల, సెన్సర్ మీద దాదాపు 0.06 మిల్లీమీటర్ల మచ్చగా పరుచుకుంటుంది. మందారం పుప్పొడి గింజే 0.1 నుంచి 0.2 మిల్లీమీటర్లు. ఇక దాని అంచులేం మిగులుతాయి? గింజ ఒంటి నిండా ఉండే ముళ్ల సంగతి మరిచిపోండి. ఇంతా చేస్తే ఫుల్ ఫ్రేమ్ (పాత ఫిలిం ముక్కంత సెన్సర్ ఉన్న) కెమెరాలో దక్కే లోతు సుమారు రెండున్నర మిల్లీమీటర్లు. కేసరాల గొట్టం పొడవు ఐదారు సెంటీమీటర్లు! ఎఫ్/8లో లోతు ఒక్క మిల్లీమీటరే, కానీ ఆ మిల్లీమీటరు నిక్కచ్చిగా వస్తుంది. అలాంటి పొరలను పేర్చుకోవడం తప్ప వేరే దారి లేదు.

చీమలదండు:
లెక్కలు సరే, నా అవస్థ వినండి. నందివర్ధనం తీస్తుంటే ఒక చీమ రేకు మీదికి ఎక్కింది, నేను గమనించలేదు. కలిపిన ఫోటోలో దానికి మూడు తలలు. కాళ్లు లెక్కపెట్టే ధైర్యం చేయలేదు. చెరిపేశాను గానీ, అనుమానం పట్టుకుంది: చీమ కాబట్టి పట్టుబడింది, రేకు కదిలితే నాకు తెలిసేదా? తర్వాత ఓ రాత్రి, మన కుండీల్లో బ్రహ్మకమలం అని పిలుచుకునేది (అసలు బ్రహ్మకమలం హిమాలయాల్లోది, మనది ఓ రకం కాక్టస్, ఆ గొడవ మరోసారి) విచ్చుకుంటూ ఉండగా 50 తీశాను. నా కోసం అది ఆగుతుందా? రేకుల కొసలన్నీ జంట గీతలయ్యాయి. పూర్తిగా విచ్చేదాకా ఓపిక పట్టాల్సింది.

మరో చిక్కు, కేసరం వెనక రేకు ఉన్నచోట కేసరం చుట్టూ మసక అంచు వస్తుంది. ఫోటోలు కలిపే జెరీన్ స్టాకర్ సాఫ్ట్‌వేర్‌లో ఒకదానికొకటి అడ్డం వచ్చే కేసరాలకు పీమ్యాక్స్ అనే పద్ధతి, నున్నటి రేకులకు డీమ్యాప్ అనే పద్ధతి వాడి, రెండింటినీ బ్రష్షుతో కలుపుతాను.

ఒకేక్లిక్కు:
చూశారా, బ్రష్షు దాకా వచ్చారు! ఇవాళ చీమను చెరిపారు, రేపు చిరిగిన రేకును అతికిస్తారు. ఇంక గీత ఎక్కడ గీస్తారు?

గాజుకన్ను:
ఒలింపస్ ఇ-ఎమ్1 కెమెరా 2015 నుంచే 8 ఫోటోలు తీసి కెమెరాలోనే కలిపి ఇస్తోంది. షట్టర్ నొక్కేది ఒక్కసారే. మరి మీ పేరు ప్రకారం అది చెల్లుతుందా అండీ?

గీత సంగతంటారా, పీఎస్‌ఏ, ఫియాప్, ఆర్‌పీఎస్ అనే ఫోటోగ్రఫీ సంస్థలు పోటీల్లో నేచర్ విభాగానికి పెట్టుకున్న ఉమ్మడి నిర్వచనం ఫోకస్ స్టాకింగ్‌ను ఒప్పుకుంటుంది. ఒప్పుకోనిది పెంచిన మొక్కలను. పెరటి మందారాన్ని ఒక్క క్లిక్కుతో తీసి పంపినా ఆ విభాగంలోంచి తిరిగొస్తుంది.

ఆకుపసరు:
బోటనీ చెప్పే మనిషిని, ఒక మాట. ఈస్టిండియా కంపెనీ వృక్షశాస్త్రజ్ఞుడు రాక్స్‌బర్గ్ దొర సామర్లకోటలో ఉన్న కాలంలో మన దేశపు చిత్రకారుల చేత ఇక్కడి మొక్కలను బొమ్మలు వేయించాడు. 1795 నుంచి లండన్‌లో అచ్చైన కోరమాండల్ తీరపు మొక్కల సంపుటాల్లో అవి ఉన్నాయి. కొమ్మ, పువ్వు, కాయ, పక్కనే విడదీసిన కేసరాలు, ఏదీ మసకగా ఉండదు. ఆ చిత్రకారుడు పువ్వును తిప్పి తిప్పి చూసి, చూసిందంతా ఒక కాగితం మీద పేర్చాడు. దాన్ని మాత్రం బొంత అనం. నా పిల్లలకు కేసరం చూపించాలంటే నాకు 34 ఫోటోల మందారమే కావాలి. గోడకు తగిలించుకోవడానికి ఏది బాగుంటుందో మీరూ మీరూ తేల్చుకోండి.

ఒకేక్లిక్కు:
పాఠానికైతే నాకు అభ్యంతరం లేదు. కానీ ఇన్ని కలిపామని కింద రాయాలి. రాయకుండా పెడితే మాత్రం ఒప్పుకోను.

పెరటిమందారం:
నిన్న మరో మందారం పూస్తే రెండు రకాలూ తీసి, ప్రింట్లు వేయించి బాబాయికి ఇచ్చాను. మొదటి ప్రయత్నం పాడైంది. పక్క గదిలో అమ్మ మిక్సీ వేసిందని 19వ ఫోటో దగ్గర తెలిసింది. బాబాయి పేర్చిన ప్రింటును కిటికీ వెలుగులో పట్టుకుని, కళ్లజోడు పైకి తోసి చాలాసేపు చూశారు. "ఈ ఎర్ర గుండ్రాలకు నూగు ఉంటుందటే?" అన్నారు. ఉంటుందన్నాను. ఇంకాసేపు చూసి, "అయినా బొంతే" అంటూ ప్రింటును మడవకుండా సంచిలో పెట్టుకుని వెళ్లారు. ఒక్క క్లిక్కుది బల్ల మీదే ఉంది.