ఐదో నెల. అందరూ సంతోషమేనా అంటున్నారు, నాకేమో ఊరికే ఏడుపొస్తోంది

గుర్రంపోడు కోడలు:

అక్కలూ, నాకు ఐదో నెల నడుస్తోంది. అత్తగారిది గుర్రంపోడు దగ్గర పల్లె. బత్తాయి తోట ఉంది. మా ఆయన హైదరాబాద్‌లో పని చేస్తాడు, శనివారం రాత్రి వచ్చి సోమవారం తెల్లవారుజామున బస్సెక్కుతాడు. మిగతా రోజులు ఇంట్లో నేను, అత్తమ్మ, మామయ్య.

మొదట్లో వేవిళ్లతోనే సరిపోయింది. పొద్దున పూటే వస్తాయని విన్నాను, నాకు మాత్రం దీపాలు పెట్టే వేళకు మొదలయ్యేవి. సరిగ్గా అప్పుడే తోట పూత మీద ఉంది. ఆ వాసనకు ఊరంతా మురిసిపోతుంది, నేను కిటికీలు మూసుకుని, ముక్కుకు చున్నీ కట్టుకుని వంట చేశాను. పోపు చిటపటమంటే చాలు, బయటికి పరుగు. మామయ్య పాపం అన్ని రోజులూ పోపు లేని పప్పు తిన్నాడు, ఒక్క మాట అనలేదు.

ఇప్పుడు అవి తగ్గి వేరేవి వచ్చాయి. తిన్న వెంటనే గుండెల్లో మంట. విరోచనం సాఫీగా కావడం లేదు, పైగా నల్లగా వస్తోంది, చూసి భయపడ్డాను. బొడ్డు కింద నల్లటి గీత పడింది. గీత నిటారుగా ఉంది కాబట్టి మగపిల్లాడే అని పక్కింటి పెద్దమ్మ తేల్చేసింది. పళ్లు తోముకుంటే చిగుళ్ల నుంచి రక్తం. అర్ధరాత్రి పిక్కలు పట్టేస్తాయి. గబుక్కున లేస్తే కళ్లు తిరుగుతాయి. రక్తం 9.4 ఉందన్నారు, గోలీలు ఇచ్చారు.

ఇవన్నీ ఎలాగో ఓర్చుకుంటాను. అసలు అడగాలనుకున్నది వేరే.

మొన్న అత్తమ్మ "చారులో ఉప్పు కొంచెం తగ్గిందమ్మా" అన్నది. అంతే. బాత్రూమ్‌లోకి పోయి, నల్లా తిప్పి, వెక్కి వెక్కి ఏడ్చాను. ఆమె మంచిదే, తప్పుగా ఏమీ అనలేదు. పోయినేడు నాకు మూడో నెలలో ఒకటి పోయింది. ఈసారి స్కానింగ్‌లో అంతా బాగుందన్నారు, అయినా బాత్రూమ్‌కు పోయిన ప్రతిసారీ రక్తం ఉందేమో అని చూసుకుంటాను. మా ఆడబిడ్డ ఫోన్ చేసి "బిడ్డతో మాట్లాడుతున్నావా వదినా" అంటుంది. నాకు మాట్లాడబుద్ధి కాదు. కదలిక కూడా ఇంకా తెలియలేదు. ఈ బిడ్డ మీద నాకు ప్రేమ లేదా? ఇది మామూలేనా? ఎవరికి చెప్పుకోవాలి?

చందూరు చెల్లి:

అక్కా, నాకు ఏడో నెల. పిక్క పట్టేసినప్పుడు కాలు చాపి, వేళ్లను నీ వైపుకు లాక్కో, వెంటనే వదులుతుంది. మంటకు నేనైతే రాత్రిపూట పచ్చిపులుసు మానేశాను, ఇంతకన్నా త్యాగం ఏ తల్లీ చేసి ఉండదు. ఒకేసారి కడుపు నిండా కాకుండా కొంచెం కొంచెం తిను, తినగానే పడుకోకు. ఏడుపు సంగతి అంటావా, నేను టీవీలో నగల షాపు అడ్వర్టైజ్‌మెంట్ చూసి ఏడ్చాను.

పాత కాపు:

మా అమ్మ పొద్దంతా నాట్లేసి సాయంత్రం కన్నది. ఈ మంటలు, టెన్షన్లు అప్పుడెవరికీ లేవు. ఇప్పటివాళ్లకు పని తక్కువై ఇవన్నీ.

సబ్‌సెంటర్ అక్క:

అన్నా, మా అవ్వ కూడా నాట్లేసింది. ఏడుగురిని కని నలుగురిని మట్టిలో పెట్టింది. ఆమెకు టెన్షన్ ఉందా లేదా అని ఎవరూ అడగలేదు, అంతే తేడా. ఇక్కడితో ఆ మాట వదిలేద్దాం.

గుర్రంపోడు చెల్లీ, నేను అచ్చంపేట వైపు ఏఎన్‌ఎంను. నువ్వు చెప్పినవాటిలో చాలావరకు మేం రోజూ వినేవే. విరోచనం నలుపు ఐరన్ గోలీ వల్ల. దానికి భయపడి గోలీ మానకు. అయితే తారులాగా జిగటగా వచ్చినా, ఎర్రగా రక్తం కనిపించినా చెప్పాలి. ఐరన్, కాల్షియం రెండూ కలిపి మింగుతున్నావేమో చూసుకో. చాలామంది గుర్తుంటుందని రెండూ ఒక్కసారే వేసుకుంటారు, అప్పుడు ఐరన్ సరిగ్గా పట్టదు. కనీసం రెండు గంటల తేడా ఉండాలి. చాయ్ కూడా గోలీకి దూరంగా తాగు. మీది బత్తాయి తోట కదా, ఇంకేం కావాలి! ఐరన్ గోలీ బత్తాయి రసంతో వేసుకో, అందులో ఉండే విటమిన్ సి వల్ల ఐరన్ ఒంటికి బాగా పడుతుంది. గర్భిణికి 11 కన్నా తక్కువుంటే రక్తహీనతే. ఒంట్లో రక్తం దాదాపు సగం వంతు పెరుగుతుంది, కానీ అందులో నీటి భాగమే ఎక్కువగా పెరుగుతుంది కాబట్టి అందరికీ కొంత పలచబడుతుంది. 9.4 మాత్రం వదిలేసే అంకె కాదు. వచ్చే నెల మళ్లీ పరీక్ష చేయించు. అంగన్‌వాడీలో ఆరోగ్యలక్ష్మి భోజనం, గుడ్డు, పాలు వదులుకోకు. "మనకెందుకు అవి, తోట ఉన్నవాళ్లం" అనే ఇళ్లను చూశాను, అందుకే చెప్తున్నా.

మంట, మలబద్ధకం రెండింటికీ మూలం ఒకటే. ఈ సమయంలో ఎక్కువయ్యే ప్రొజెస్టిరాన్ హార్మోన్ కండరాలను వదులు చేస్తుంది, పేగు నెమ్మదిస్తుంది, కడుపులోని పులుపు పైకి తంతుంది. ఐరన్ గోలీ కూడా మలబద్ధకాన్ని కొంత పెంచుతుంది. నీళ్లు, ఆకుకూర, జొన్న రొట్టె మంచివి. చిగుళ్ల రక్తం కూడా హార్మోన్ల పనే, మెత్తటి బ్రష్ వాడు, తోముకోవడం ఆపకు. గీత కాన్పయ్యాక కొన్ని నెలలకు మెల్లగా వెలిసిపోతుంది. మగా ఆడా అనేదానికీ దానికీ సంబంధం లేదు, మీ పెద్దమ్మకు నా మాటగా చెప్పు. కళ్లు తిరగడానికి ఈ నెలల్లో బీపీ కొంచెం తగ్గడం ఒక కారణం, ఎండలు ఇంకొకటి. పక్కకు తిరిగి, కూర్చుని, ఆగి లేవాలి.

కదలిక మొదటిసారివాళ్లకు 20 వారాలు నిండాక తెలిసినా కంగారు పడక్కర్లేదు. మాయ ముందు వైపు ఉంటే ఇంకాస్త ఆలస్యం. మొదట్లో చిన్న చేప పక్కకు తప్పుకున్నట్టు ఉంటుంది, గ్యాస్ అనుకుని పట్టించుకోరు. 24 వారాలకు కూడా తెలియకపోతే మాత్రం డాక్టర్‌కు చూపించు.

ఇక ఏడుపు. ఒకసారి పోగొట్టుకున్నవాళ్లు రెండోసారి మనసును కొంచెం వెనక్కి పట్టి ఉంచుతారు. మళ్లీ పోతే తట్టుకోలేమని. దాన్ని ప్రేమ లేకపోవడం అనరు. బాత్రూమ్‌లో రక్తం కోసం చూసుకోవడం నువ్వొక్కదానివే చేస్తున్నావనుకోకు. నా దగ్గరికి వచ్చినవాళ్లలో ఒకామె తెల్ల బట్ట తప్ప కట్టుకునేది కాదు, మరక పడితే వెంటనే తెలుస్తుందని. అడిగితే ఏడో నెలలో చెప్పింది. అప్పటిదాకా నవ్వుతూ వచ్చి బీపీ చూపించుకుని వెళ్లేది. మేం బీపీ రాస్తాం, బరువు రాస్తాం. నీ మనసులో ఏముందో నువ్వు నోరు తెరిస్తే తప్ప మాకు తెలీదు. బిడ్డతో మాట్లాడబుద్ధి కాకపోతే మాట్లాడకు, ఆడబిడ్డకు "ఊఁ" అని చెప్పు, సరిపోతుంది.

కానీ ఇది గుర్తుపెట్టుకో. రెండు వారాలుగా రోజులో ఎక్కువ సేపు దిగులుగానే ఉన్నా, పడుకునే వీలున్నా నిద్ర రాకపోయినా, తిండి మీద, మనుషుల మీద ఆసక్తి పోయినా అది డాక్టర్‌కు చెప్పాల్సిన విషయం. "నేను లేకపోతే బాగుండు" అనే ఆలోచన ఒక్కసారి వచ్చినా ఆగొద్దు, ఆ రోజే చెప్పు. గర్భంతో ఉండగా కూడా దీనికి వైద్యం ఉంది. 14416 టెలీ మానస్ ప్రభుత్వానిదే, ఉచితం, రాత్రయినా తీస్తారు, తెలుగులో మాట్లాడతారు.

ఇంకొకటి. సాయంత్రానికి పాదాలు కొంచెం ఉబ్బడం మామూలే. ముఖం, చేతులు ఉన్నట్టుండి ఉబ్బినా, తలనొప్పి తగ్గకపోయినా, కళ్లు మసకబారినా, రక్తం కనిపించినా, ఉమ్మనీరు కారినా శనివారం ఆయన వస్తాడులే అని కూర్చోవద్దు. 108కి ఫోన్ చెయ్యి.

కల్వకుర్తి ఆటో:

మగవాడిని, మధ్యలో దూరినందుకు ఏమనుకోకండి. మా ఇంటామెకు నా ఒంటికి వాడే సబ్బు వాసన పడక నన్ను వాకిట్లో పడుకోబెట్టింది. సబ్బు మార్చాను, అయిపోయింది. కానీ ఆమె ఏడ్చినప్పుడల్లా నేను "ఏం కాదులే" అనేవాణ్ని. ఒకరోజు "నువ్వు ఏం కాదులే అంటే నాకు ఇంకా భయమైతుంది, నోరు మూసుకుని కూర్చో" అన్నది. కూర్చున్నాను. అది పనిచేసింది. చెల్లీ, మీ ఆయనకు ఏం కావాలో నువ్వే చెప్పాలి, మాకు దానంతట అది తట్టదు.

గుర్రంపోడు కోడలు:

అందరికీ థ్యాంక్స్. ఐరన్, కాల్షియం రెండూ రాత్రి భోజనమయ్యాక కలిపే మింగుతున్నాను, ఇవాళ్టి నుంచి వేరు చేశాను. మా ఆయనకు బాత్రూమ్ సంగతి ఫోన్‌లో చెప్పాను. కాసేపు ఏమీ అనలేదు, తర్వాత 9వ తారీఖు చెకప్‌కు సెలవు పెట్టి వస్తానన్నాడు. అత్తమ్మకు ఇంకా చెప్పలేదు, చూడాలి. నిద్ర పడుతోంది, తింటున్నాను, ఆ చెడ్డ ఆలోచనలు లేవు. ఉంటే 14416కి చేస్తాను. అక్కా, నల్గొండ దాకా బస్సులో పోవచ్చా? ఆడవాళ్లకు జీరో టికెట్, అదే ఫ్రీ బస్సు వచ్చాక కాలు పెట్టే చోటు ఉండడం లేదు.

సబ్‌సెంటర్ అక్క:

డాక్టర్ వద్దని చెప్పి ఉండకపోతే పోవచ్చు, కానీ నిలబడి పోకు. వెనక చక్రాల మీది సీట్లో అసలే కూర్చోకు, కుదుపంతా అక్కడే. అంతకన్నా మీ ఊరి ఆశ వర్కర్‌కు ముందు రోజే చెప్పి 102 బండి పిలిపించుకో. చెకప్‌కు తీసుకుపోయి మళ్లీ ఇంటి దగ్గర దింపుతారు, డబ్బులు అక్కర్లేదు. పాత రిపోర్టులన్నీ కవర్లో పెట్టుకో, పోయినేటివి కూడా.