ప్రాథమిక పాఠశాలలో ప్రిన్సిపల్ తరచూ మారుతున్నారు: నష్టం ఎంత, ఎవరిని అడగాలి?

ప్రశ్న (ఉత్తర డాలస్ నుంచి ఒక తల్లి)

అమెరికాలో టెక్సస్ రాష్ట్రంలోని డాలస్‌కు ఉత్తరాన ఉన్న ఒక శివారు పట్టణంలో, పబ్లిక్ స్కూల్ డిస్ట్రిక్ట్ (ఆ ప్రాంతపు ప్రభుత్వ బడులను నడిపే స్థానిక సంస్థ) నడిపే ప్రాథమిక పాఠశాలలో మా అమ్మాయి చదువుతోంది. తాను కిండర్‌గార్టెన్‌లో చేరిననాటి ప్రిన్సిపల్ గారు మరుసటి వేసవిలోనే, అదే డిస్ట్రిక్ట్ కొత్తగా తెరిచిన బడికి వెళ్లిపోయారు. వారి స్థానంలో వచ్చినవారు రెండేళ్లు పనిచేసి డిస్ట్రిక్ట్ కార్యాలయంలో మరో పదవికి మారారు. ఇప్పుడు అమ్మాయి నాలుగో తరగతిలోకి వెళ్లవలసి ఉండగా, మూడో ప్రిన్సిపల్ గారు కూడా రాజీనామా చేశారని జూన్ చివరలో ఈమెయిల్ వచ్చింది. అందులో కృతజ్ఞతలు ఉన్నాయి, శుభాకాంక్షలు ఉన్నాయి. కారణం లేదు, తరువాత ఎవరు వస్తారన్న సమాచారమూ లేదు.

ప్రిన్సిపల్ మారిన ప్రతిసారీ బడిలో మారేవి పైకి చిన్నవిగానే కనిపిస్తాయి. చదవడంలో వెనుకబడిన పిల్లలకు కేటాయించే అదనపు సమయం మారుతుంది, క్రమశిక్షణ పద్ధతి మారుతుంది, పిల్లలు ఇష్టపడే టీచర్లలో ఒకరిద్దరు ఆ ఏడాదే వెళ్లిపోతారు. ఇంట్లో తెలుగు మాట్లాడతామని చేరేటప్పుడు రాసిచ్చినందువల్ల మా అమ్మాయి ఇంగ్లీషు భాషా సహాయ కార్యక్రమంలో ఉంది. ఆ కార్యక్రమంలోని పిల్లల విషయాలు చూసే కమిటీలో బడి తరఫున కూర్చునే అధికారి కూడా మారుతున్నందువల్ల, తన విషయం మళ్లీ మొదటినుంచి చెప్పుకోవలసి వస్తోంది. తెలిసినవారిని అడిగితే ఇక్కడ ఇది మామూలేనని అంటున్నారు. నిజంగా మామూలేనా? పిల్లల చదువుకు దీనివల్ల నష్టం జరుగుతుందా? జరిగేటట్లయితే తల్లిదండ్రులుగా ఎవరిని, ఏమని అడగవచ్చు?

మొదటి సమాధానం (డాలస్ ఉత్తర శివారు ఫ్రిస్కోలో చాలాకాలంగా ఉంటున్న తండ్రి, తల్లిదండ్రుల-ఉపాధ్యాయుల సంఘం పీటీఏ సభ్యుడు)

మీ మొదటి ప్రిన్సిపల్ గారు వెళ్లిన తీరు ఈ ప్రాంతంలో చాలామందికి పరిచయమైనదే. 2000 ప్రాంతంలో ఫ్రిస్కో డిస్ట్రిక్ట్‌లో దాదాపు 7 వేలమంది విద్యార్థులు ఉండేవారు. రెండు దశాబ్దాలు గడిచేసరికి ఆ సంఖ్య 60 వేలు దాటింది. అంత వేగంగా పెరిగే చోట దాదాపు ఏటా కొత్త ప్రాథమిక పాఠశాలలు తెరవవలసి వస్తుంది. కొత్త బడిని అనుభవం లేనివారి చేతిలో పెట్టలేరు కాబట్టి, నడుస్తున్న బడిలోంచి ఒక మంచి ప్రిన్సిపల్‌ను ముందుగానే అక్కడికి తీసుకువెళతారు. తమతో పనిచేసిన టీచర్లలో కొందరు వారి వెంటే వెళ్లడమూ సహజమే. డిస్ట్రిక్ట్ దృష్టిలో అది సరైన నిర్ణయం కావచ్చు గాని, వెనుక మిగిలిన బడికి అది ఒకేసారి రెండు లోట్లు.

ఇప్పుడు పరిస్థితి తిరగబడింది. ఇళ్ల ధరలు పెరిగి, చిన్నపిల్లలున్న కుటుంబాలు ఇంకా ఉత్తరానికి తరలిపోతున్నందువల్ల పాత శివారుల్లో విద్యార్థుల సంఖ్య తగ్గుతోంది. ప్లేనో డిస్ట్రిక్ట్ బోర్డు రెండు ప్రాథమిక, రెండు మధ్య పాఠశాలలను మూసివేయాలని 2024 జూన్‌లో తీర్మానించింది. ఒక బడి మూతపడితే అక్కడి ప్రిన్సిపల్‌కు మరెక్కడో స్థానం చూపించాలి, దానితో తక్కిన బడుల్లోనూ కదలికలు మొదలవుతాయి. పెరుగుదలలోనూ తరుగుదలలోనూ ప్రిన్సిపల్స్ మారుతూనే ఉంటారు. అయినా మామూలే అన్న మాటతో సరిపెట్టుకోవడం నాకు సమ్మతం కాదు. బడులు ఎప్పుడు తెరవాలో, ఎప్పుడు మూయాలో డిస్ట్రిక్ట్‌కు చాలా ముందుగానే తెలుస్తుంది. ఖాళీ అయ్యే ప్రిన్సిపల్ స్థానానికి అంతే ముందుగా మనిషిని సిద్ధం చేయకపోవడం తప్పించుకోదగిన లోపమే.

రెండో సమాధానం (టెక్సస్‌లోనే మరొక డిస్ట్రిక్ట్‌లో అసిస్టెంట్ ప్రిన్సిపల్)

మీరు అడిగిన మొదటి ప్రశ్నకు దేశవ్యాప్తంగా సేకరించిన లెక్కలే సమాధానం చెబుతాయి. 2020–21లో పబ్లిక్ పాఠశాలల్లో ప్రిన్సిపల్స్‌గా ఉన్నవారిలో మరుసటి ఏడాదికి 80 శాతం అదే బడిలో కొనసాగారు, 6 శాతం మరో బడికి మారారు, 11 శాతం ఆ ఉద్యోగాన్నే వదిలేశారని కేంద్ర విద్యా గణాంక సంస్థ సర్వేలో తేలింది. ఈ లెక్కన ఏటా ఐదు బడుల్లో ఒకదానికి కొత్త ప్రిన్సిపల్ వస్తున్నారన్నమాట. పేద పిల్లలు ఎక్కువగా ఉన్న బడుల్లో ఈ కదలిక ఇంకా ఎక్కువ. చాలామంది తొలి అవకాశం కష్టమైన బడిలో తీసుకుని, అనుభవం రాగానే సులువైన బడికి మారుతున్నారని ఫ్లోరిడాలోని మయామీ-డేడ్ డిస్ట్రిక్ట్‌పై 2012లో వెలువడిన పరిశోధన గుర్తించింది. అయినా నాలుగేళ్లలో ముగ్గురు వెళ్లడం సగటుకు మించినదే కాబట్టి మీ ఆందోళన సబబైనదని నా అభిప్రాయం.

నష్టం గురించి మాత్రం కొంచెం జాగ్రత్తగా ఆలోచించాలి. నార్త్ కరోలినా పాఠశాలలపై 2013లో వచ్చిన ఒక అధ్యయనంలో పిల్లల ఫలితాలు ప్రిన్సిపల్ వెళ్లకముందు నుంచే తగ్గడం మొదలై, కొత్తవారు వచ్చాక మరో రెండేళ్లు తగ్గుతూ, మళ్లీ పాత స్థాయికి చేరడానికి దాదాపు ఐదేళ్లు పట్టినట్లు కనిపించింది. తగ్గుదల ముందే మొదలైందంటే, వెళ్లిపోవడం ఒక్కటే కారణమని చెప్పలేము. బడిలో అప్పటికే ఉన్న ఇబ్బంది వల్లనే వారు వెళ్లి ఉండవచ్చు. తరువాత టెనెస్సీ, మిస్సోరీ రాష్ట్రాల సమాచారంతో 2019లో చేసిన పరిశోధన ఈ చిక్కును మరికొంత విప్పింది. ప్రిన్సిపల్ మారిన మరుసటి ఏడాది సగటున ఫలితాలు కొద్దిగా తగ్గుతాయి, టీచర్లు వెళ్లిపోవడం పెరుగుతుంది. అయితే ఆ నష్టం అన్ని మార్పుల్లోనూ ఒకేలా లేదు. ప్రిన్సిపల్ మరో బడికి బదిలీ అయినప్పుడు నష్టం ఎక్కువగా కనిపించింది. సరిగా పనిచేయని వారిని కింది స్థాయికి దించినప్పుడు నష్టం కనిపించకపోగా, కొన్నిచోట్ల తరువాతి కాలంలో మేలే జరిగింది. అన్నిటికన్నా ముఖ్యంగా, వెళ్లినవారి స్థానంలో అనుభవమూ సమర్థతా ఉన్నవారు వస్తే నష్టం చాలావరకు పూడిపోయింది.

అందుచేత ఎందుకు వెళ్లారన్న ప్రశ్నతోనే ఆగిపోవద్దని మిమ్మల్ని కోరుతున్నాను. ఆ ప్రశ్నకు మీకు సమాధానం దొరకదు కూడా. ఉద్యోగుల వ్యక్తిగత విషయాలను బోర్డు మూసిన తలుపుల వెనుక చర్చించుకోవడానికి టెక్సస్ చట్టం అనుమతిస్తుంది, డిస్ట్రిక్ట్ అధికారులు ఆ గీత దాటరు. మీరు అడగవలసినది రాబోయేవారి గురించి. వారిని ఎవరు ఎంపిక చేస్తున్నారు, ఆ ఎంపికలో టీచర్లకూ తల్లిదండ్రులకూ మాట చెప్పే అవకాశం ఉందా, వచ్చేవారికి ప్రిన్సిపల్‌గా ఇదే తొలి బాధ్యత అయితే మొదటి రెండేళ్లు అనుభవజ్ఞులైన మార్గదర్శిని జతచేస్తారా, ఎంతకాలం ఉండాలని వారి నుంచి ఆశిస్తున్నారు?

డిస్ట్రిక్ట్ కార్యాలయానికి ఇవేమీ తెలియని విషయాలు కావు. 2011లో వాలెస్ ఫౌండేషన్ అనే దాతృత్వ సంస్థ సహాయంతో ఆరు పెద్ద డిస్ట్రిక్ట్‌లు, వాటిలో న్యూయార్క్ నగరమూ డెన్వరూ ఉన్నాయి, ప్రిన్సిపల్స్‌ను ముందుగా గుర్తించి, శిక్షణ ఇచ్చి, నియమించాక కూడా వెంట నిలిచే పద్ధతిని ఏర్పాటు చేశాయి. రాండ్ అనే పరిశోధన సంస్థ 2019లో ఫలితాలు పరిశీలించినప్పుడు, ఆ పద్ధతిలో కొత్త ప్రిన్సిపల్ వచ్చిన బడులు పోల్చదగిన ఇతర బడుల కంటే చదవడంలో 6 పర్సెంటైల్ పాయింట్లకు పైగా, లెక్కల్లో దాదాపు 3 పాయింట్లు ముందున్నాయి. ఆ ప్రిన్సిపల్స్ అక్కడే నిలిచే అవకాశమూ పెరిగింది. ఖర్చు ఏడాదికి ఒక్కో విద్యార్థికి సుమారు 42 డాలర్లు. ఇంత తక్కువ ఖర్చుతో ఇంత ప్రయోజనం ఇచ్చే పని పాఠశాల విద్యలో అరుదు. అందుకే దీనిని ఎన్నిసార్లయినా గుర్తు చేయవలసిందేనని నేను నమ్ముతున్నాను.

ఈమెయిల్ జూన్ చివరలో రావడానికి కూడా కారణం ఉంది. టెక్సస్‌లో కాంట్రాక్టు ఉన్న టీచర్లూ ప్రిన్సిపల్స్ బోధన మొదలయ్యే రోజుకు 45 రోజుల ముందు వరకు ఏ జరిమానా లేకుండా రాజీనామా చేయవచ్చు. ఆగస్టు రెండో వారంలో బడులు తెరుస్తారు కనుక ఆ గడువు సరిగ్గా జూన్ చివరలో పడుతుంది. డిస్ట్రిక్ట్‌కు మిగిలేది ఆరు వారాలే. ఈలోగా టీచర్ల ఖాళీలు కూడా భర్తీ కావాలి. తన బడిలో చేరే టీచర్లను ఆమోదించే అధికారం చట్టప్రకారం ప్రిన్సిపల్‌ది కాబట్టి, ఆ కుర్చీ ఖాళీగా ఉన్న ప్రతి వారమూ మంచి టీచర్ ఒకరు మరో బడికి ఒప్పుకునే ప్రమాదం ఉంటుంది.

ప్రాథమిక స్థాయిలో ఈ ఉద్యోగం ఎందుకు నిలవదో లోపలి మనిషిగా ఒక మాట చెబుతాను. హైస్కూలులో పని పంచుకోవడానికి పలువురు అసిస్టెంట్ ప్రిన్సిపల్స్ ఉంటారు. ప్రాథమిక పాఠశాలలో చాలాచోట్ల ఒక్కరే. టీచర్ల తరగతులను పరిశీలించడం, ప్రత్యేక అవసరాలున్న పిల్లల సమావేశాలు, మూడో తరగతి నుంచి మొదలయ్యే రాష్ట్ర పరీక్షలు, తల్లిదండ్రుల ఫిర్యాదులు, భోజనశాల పర్యవేక్షణ అన్నీ ప్రిన్సిపల్, ఆ ఒక్క అసిస్టెంట్ ఇద్దరి మీదే పడతాయి. జీతం మాత్రం పై స్థాయి బడుల్లోనే ఎక్కువ. సమర్థులు పైకి వెళ్లాలనుకోవడంలో తప్పు వెతకలేము. కింద ఉండిపోవాలనుకునేవారికి ఆ అవకాశం కల్పించకపోవడమే తప్పు.

మూడో సమాధానం (ఆంధ్రప్రదేశ్‌లో విశ్రాంత ప్రధానోపాధ్యాయుడు, ప్రస్తుతం కూతురి వద్ద)

అమ్మా, మా దగ్గర పద్ధతి వేరు గాని బాధ మాత్రం ఒకటే. 2025లో మన రాష్ట్రం చేసిన ఉపాధ్యాయ బదిలీల చట్టం ప్రకారం ప్రధానోపాధ్యాయులు ఒకే బడిలో 5 విద్యా సంవత్సరాలు, ఉపాధ్యాయులు 8 విద్యా సంవత్సరాలు పూర్తి చేస్తే తప్పనిసరిగా కదలాలి. సీనియారిటీకీ, పనిచేసిన ఊరి కేటగిరీకీ పాయింట్లు లెక్కగట్టి కౌన్సెలింగ్ జరుపుతారు. ఎవరు ఎప్పుడు కదులుతారో ఊరికి ముందే తెలుస్తుంది, అది ఒక మేలు. కొత్తవారిని ఆ బడి అవసరాన్ని బట్టి కాక పాయింట్లను బట్టి పంపుతారు, అది లోటు. చిన్న మండల పరిషత్ పాఠశాలల్లోనైతే విడిగా ప్రధానోపాధ్యాయ పదవి లేక, ఉన్నవారిలో సీనియర్ ఉపాధ్యాయులే పాఠాలు చెబుతూ ఆ బరువునూ మోయడం నేను సర్వీసు పొడవునా చూశాను.

నా అనుభవంలో ఒక బడి ప్రధానోపాధ్యాయుడి మార్పును తట్టుకోగలిగిందంటే, వెళ్లేవారు వచ్చేవారికి రిజిస్టర్లతోపాటు పిల్లలను కూడా అప్పగించినందువల్లనే. ఏ పిల్లవాడికి చదవడం రావడం లేదు, ఏ ఇంట్లో ఇబ్బంది ఉంది, ఏ టీచరుకు ఏ తరగతి బాగా కుదురుతుంది అన్నవి కాగితం మీద ఉండాలి. మీ అమ్మాయి విషయంలో ఆ కాగితాన్ని మీరే తయారు చేయండి. కమిటీ సమావేశాల తేదీలు, ఇచ్చిన హామీలు, పరీక్ష ఫలితాలు ఒక పుటలో రాసి, కొత్తవారు రాగానే వారి చేతికి ఇవ్వండి. దానిని భారంగా తీసుకునే ప్రధానోపాధ్యాయుడు ఉండడు.

అడిగినవారి ప్రతిస్పందన

అందరికీ కృతజ్ఞతలు. ఎంపికలో తల్లిదండ్రుల మాటకు చోటుందా అని కార్యాలయానికి ఈ రోజే రాశాను. బోర్డు సమావేశంలో మాట్లాడితే నిజంగా వింటారా, లేక మూడు నిమిషాలు లెక్కపెట్టి పంపిస్తారా అన్నదే నా సందేహం.

రెండో సమాధానం ఇచ్చినవారి నుంచి మరొక మాట

సమావేశంలో వెంటనే జవాబు ఇవ్వరు, కాని మీ మాట నమోదవుతుంది. అజెండాలో ఉన్న అంశంపై బోర్డు నిర్ణయం తీసుకోకముందే ప్రజలను మాట్లాడనివ్వాలని 2019లో రాష్ట్ర శాసనసభ చట్టం చేసింది. అజెండా సమావేశానికి ముందుగానే డిస్ట్రిక్ట్ వెబ్‌సైట్‌లో పెడతారు. నియామకాల అంశం ఉందో లేదో చూసుకుని, వారు చెప్పిన గడువులోగా పేరు నమోదు చేసుకోండి. వ్యక్తుల పేర్లు ఎత్తకుండా, గత ఐదేళ్లలో డిస్ట్రిక్ట్‌లోని ప్రతి ప్రాథమిక పాఠశాలకు ఎంతమంది ప్రిన్సిపల్స్ మారారో పట్టిక ఇవ్వమని అడగండి. ఆ వివరాలు ప్రజా సమాచారమే కాబట్టి, సమావేశంలో పట్టిక ఇవ్వకపోయినా వాటికి సంబంధించి ఉన్న రికార్డులను రాతపూర్వక దరఖాస్తుతో తెప్పించుకోవచ్చు. ప్రతి బడికీ తల్లిదండ్రుల ప్రతినిధులతో కూడిన క్యాంపస్ కమిటీ ఒకటి ఉండాలని చట్టంలోనే ఉంది. ఈ సంవత్సరానికి అందులో ఖాళీ ఉందేమో కూడా అదే ఉత్తరంలో అడగండి.