జాతకంలో కైరాన్: గ్రీకు కథను ఎలా అన్వయించుకోవాలి?

మకర_లగ్నం (ప్రశ్న)
పాశ్చాత్య పద్ధతిలో వేసిన చక్రం గురించి అడుగుతున్నాను. జననం 1996, చంద్రుడు కర్కాటకం 11 డిగ్రీలు. కైరాన్ (గ్రీకు కథల్లోని వైద్యుడి పేరు పెట్టిన చిన్న ఖగోళ వస్తువు) ఒక సైట్‌లో తుల 9 డిగ్రీలు, పదో భావం. ఇంకోదాంట్లో కన్య 15. మూడోదాంట్లో తులే గానీ తొమ్మిదో భావం. వివరణ కోసం ఎక్కడ వెతికినా ‘గాయపడిన వైద్యుడు’ అన్న ఒక్క ముక్కే కనిపిస్తోంది. దాన్ని పట్టుకుని మనల్ని మనం అర్థం చేసుకునేదెలా? దీనికి ఒక క్రమం ఉందా?

సాయన_గణితం
ముందు లెక్క తేల్చుకోండి, కథ తర్వాత. కన్య 15 నిరయనం (నక్షత్రాల ఆధారంగా వేసే లెక్క), తుల 9 సాయనం (వసంత విషువత్తు నుంచి వేసే లెక్క). సాయనానికీ దానికీ మధ్య దాదాపు 24 డిగ్రీల అయనాంశ ఉంటుంది, తుల 9 లోంచి అది తీసేస్తే కన్య 15. కైరాన్ని గ్రీకు కథతో చదవడం సాయనంలోనే పెరిగింది కాబట్టి సెట్టింగ్స్‌లో సాయనం పెట్టండి.

తొమ్మిదా పదా అన్నది భావ విభజన తేడా. ప్లాసిడస్ అనే విభజన పద్ధతిలో పదో భావం మధ్యాకాశ బిందువు దగ్గర మొదలవుతుంది, మీ కైరాన్ దానికి ముందే పడింది. రాశినే భావంగా తీసుకుంటే మకరం నుంచి తుల పదోది. ఏదో ఒకటి తీసుకుని చివరిదాకా అందులోనే ఉండండి. నచ్చిన ఫలితం వచ్చేదాకా పద్ధతి మారుస్తూ పోతే ఏదీ తేలదు. లగ్నం సగటున నాలుగు నిమిషాలకో డిగ్రీ కదులుతుంది, అందుకే జనన సమయం అరగంట అటూ ఇటూ అనిపిస్తే భావాన్ని పక్కన పెట్టి దృష్టులు (గ్రహాల మధ్య కోణాలు) మాత్రమే చూడండి. రాశికి పెద్ద బరువివ్వొద్దు. 1996లో పుట్టినవాళ్లలో దాదాపు అందరికీ కైరాన్ తులలోనే.

పీలియన్_గుహ
‘గాయపడిన వైద్యుడు’ దగ్గర ఆగిపోతే అందరి జాతకమూ ఒకేలా వినిపిస్తుంది. కథలో చాలా ఘట్టాలున్నాయి. కైరాన్‌కు ఏ గ్రహంతో దగ్గరి దృష్టి ఉందో చూసి ఘట్టాన్ని ఎంచుకోవడం మేలు. మూడు డిగ్రీలు దాటిన దృష్టుల్ని నేను లెక్కలోకి తీసుకోను.

మీకు చంద్రుడితో 90 డిగ్రీల దృష్టి ఉంది, తేడా రెండే డిగ్రీలు. కాబట్టి పుట్టుక ఘట్టం చూడండి. క్రోనస్ అనే దేవుడు గుర్రం రూపంలో ఫిలిరా అనే అప్సరసను కలిశాడు. పుట్టిన బిడ్డ కైరాన్ సగం మనిషి, సగం గుర్రం, అంటే సెంటార్. తల్లి ఆ రూపం చూసి తట్టుకోలేక, తనను మరేదైనా రూపంలోకి మార్చమని జ్యూస్‌ను వేడుకుని చెట్టయిపోయింది. ఇక్కడ అడగాల్సిన ప్రశ్న ‘అమ్మ మంచిదా చెడ్డదా’ అని కాదు. నాలో ఏ భాగం బయటపడితే ఎదుటివాళ్లు ముఖం తిప్పుకుంటారని భయపడతాను? దాన్ని దాచడానికి ఏం చేస్తున్నాను? పదో భావమే తీసుకుంటే ఆ దాపరికం ఎక్కువగా ఉద్యోగంలో, నలుగురిలో పేరు దగ్గర కనిపిస్తుందేమో చూసుకోండి.

రవితో దృష్టి ఉంటే, అపోలో దేవుడు కైరాన్‌ను పెంచిన ఘట్టం: కన్నవాళ్లు కాక ఎవరు చేరదీశారు, ఎవరి దగ్గర విద్య వచ్చింది? నిప్పు దొంగిలించి శిక్ష అనుభవించిన ప్రొమీథియస్ కోసం కైరాన్ అమరత్వాన్ని వదులుకున్న ఘట్టం యురేనస్‌కు సరిపోతుంది.

కుజుడితో ఉంటే బాణం. ఇది చాలామంది తప్పు చదివే చోటు. వీరుడు హెరాక్లీస్ వేసిన బాణం కైరాన్‌కు గురిపెట్టింది కానే కాదు. ఎలటస్ అనే మరో సెంటార్ చేతిని చీల్చుకుని వెళ్లి కైరాన్ మోకాలిలో దిగింది. హెరాక్లీసే పరుగున వచ్చి దాన్ని లాగాడు, కైరాన్ ఇచ్చిన మందే పూశాడు. బాణానికున్నది హైడ్రా అనే పాము విషం కనుక గాయం మానలేదు. కైరాన్ చేసిన తప్పేమీ లేదు, కొట్టినవాడు శత్రువు కూడా కాదు. ‘నా గాయానికి నేనే కారణం’ అని ఈ కథలోంచి అర్థం తీసేవాళ్లు కథకు లేనిదాన్ని అంటగడుతున్నారు.

రెండో_చూపు
పై సమాధానం బాగుంది, ఒక జాగ్రత్త చేరుస్తాను. ఈ పేరు 1977లో పెట్టింది. ఖగోళ శాస్త్రవేత్త చార్ల్స్ కోవల్ పాలొమార్ వేధశాలలో దీన్ని కనుక్కున్నాక, కక్ష్య ఎక్కువగా శని (గ్రీకులో క్రోనస్), యురేనస్‌ల మధ్య ఉంది కనుక క్రోనస్ కొడుకు, యురేనస్ మనవడి పేరు తీసుకున్నాడు. అంటే కథనూ ఈ వస్తువునూ కలిపింది మనుషులే. అది మన జీవితాన్ని నడిపిస్తుందనడానికి ఆధారం లేదు. ప్రశ్నలు పుట్టించే సాధనంగా వాడితే మాత్రం ఉపయోగం ఉంది.

వాడే పద్ధతి ఇది. కథ మళ్లీ చదవకముందే మీ జీవితంలోని మూడు నిజమైన సంఘటనలు రాయండి, ఒక్కోదానికి ఐదారు వాక్యాలు, జ్యోతిషం మాట ఒక్కటీ లేకుండా. తర్వాత వాటిని పుట్టుక ఘట్టంతో పోల్చి, ఎక్కడ కలిసిందో, ఎక్కడ కలవలేదో రెండూ రాయండి. ఆ తర్వాత మీ చక్రంలో సూచన లేని బాణం ఘట్టంతోనూ అదే చేయండి. రెండూ ఒకేలా అతికితే, అతికిస్తున్నది మీరే. రాసేటప్పుడు మనసు బాగా కలత పడితే ఆపేసి, కౌన్సెలర్‌తో మాట్లాడండి.

మకర_లగ్నం
చాలా థాంక్స్ అండీ. కైరాన్ ప్రభావం ఫలానా వయసులో బలంగా పైకి వస్తుందంటారు, నిజమేనా?

సాయన_గణితం
అందరికీ ఒకే వయసని చెబితే నమ్మకండి. పూర్తి చుట్టు సుమారు 50 ఏళ్లు, కాబట్టి కైరాన్ జన్మస్థానానికి తిరిగి రావడం మాత్రం అందరికీ ఆ వయసుకు దగ్గర్లోనే. కానీ కక్ష్య బాగా సాగిన దీర్ఘవృత్తం. తులను ఏడాదిన్నర లోపే దాటేస్తుంది, మేషంలో ఎనిమిదేళ్లు ఉంటుంది. తుల 9తో పుట్టిన మీకు జన్మస్థానం నుంచి మొదటి 90 డిగ్రీలు ఆరేడేళ్ల వయసులోనే అయిపోయాయి, ఎదురు స్థానం (180 డిగ్రీలు) 2021 ప్రాంతంలో. 1970ల మొదట్లో మేషం 9తో పుట్టినవాళ్లకు మొదటి 90 డిగ్రీలు రావడానికి 18 ఏళ్లు పట్టింది. వయసుల పట్టిక వదిలేసి ఎఫిమెరిస్‌లో (రోజువారీ గ్రహస్థానాల పట్టిక) మీ డిగ్రీ వెతకండి. వక్రగతి వల్ల అదే డిగ్రీని మూడుసార్లు తాకవచ్చు, ఆ తేదీలన్నీ రాసుకోండి.